కడబంతి

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని గూర్చున్నను భయము లేదని పెద్దల సామెత. వడ్డించునది తానేయైన ఇల్లాలికి మాత్రము కడబంతి తప్పదు. పిల్లలును, మా వారును, అత్తగారును భుజించిన పిదప, గిన్నెలో మిగిలిన యన్నమును పాఱవేయ మనసొప్పక, ఊఱగాయతోనో మజ్జిగతోనో మధ్యాహ్నము రెండు గంటలు దాటిన పిమ్మట తినుట మాకు పదునాలుగేండ్ల యలవాటు. కూర యున్న నుండును, లేకున్న లేదు. మమ్మట్లు చేయుమని యెవ్వరును చెప్పలేదు. ఈ యలవాటే మా వ్యాధికి కారణమని మేమనుట లేదు గాని, చికిత్స మాత్రము అచ్చటనుండియే మొదలిడవలసి వచ్చెను.

2023వ సంవత్సరము వైశాఖమున మాకు ముప్పదియాఱవ యేడు నడచుచుండెను. మితిమీఱిన దాహము, రాత్రులు పలుమాఱు లేచుట, ప్రొద్దెక్కునప్పటికి కాళ్లు లాగుట. అన్నియు ఎండలవలన ననుకొంటిమి. మా వారు ఉపాధ్యాయులు; వేసవి సెలవులు గావున తామే పట్టణమునకు దోడ్కొనిపోయి రక్తపరీక్ష చేయించిరి. పరగడుపున చక్కెర 168. భోజనము చేసిన రెండు గంటలకు 262. మూడు నెలల సగటును దెలుపు హెచ్‌బీఏ1సీ 8.4. పరగడుపు లెక్క 126గాని యంతకు మించిగాని, ఆ సగటు 6.5గాని యంతకు మించిగాని యున్నచో మధుమేహమని నిర్ణయింతురు. డాక్టరమ్మగారు కాగితములు చూచి, మొట్టమొదట మమ్మడిగిన ప్రశ్న తిండిని గుఱించి కాదు, కాన్పులను గుఱించి.

2015లో రెండవ కాన్పునకు ముందు మాకు చక్కెర కనబడిన మాట నిజము. బిడ్డ పుట్టగనే పోయినదనిరి, సంతోషించి మఱచిపోతిమి. గర్భకాలమున చక్కెర కనబడిన స్త్రీలకు మున్ముందు మధుమేహము వచ్చుట తక్కిన వారికంటె చాల హెచ్చట. అట్టివారు కాన్పైన ఆఱు మొదలు పండ్రెండు వారముల లోపల నొకమాఱును, పిదప ఒకటి మొదలు మూడేండ్ల కొకమాఱును పరీక్ష చేయించుకొనవలెను. బిడ్డ టీకాల తేదులన్నియు పంచాంగముపై వ్రాసి పెట్టుకొన్న మేము, మా పరీక్షకు ఎనిమిదేండ్లలో ఒక్కమాఱును పోయినవారము కాము. ఈ మాట చదువు సోదరీమణులలో అట్టివారెవరైన నున్నచో, పత్రిక మూసి, ముందు ఆ పని చూచుకొన ప్రార్థన.

మా తండ్రిగారు మాకు సంస్కృతము ఇంటనే చెప్పిరి. ఆ రాత్రి నిద్రపట్టక వారిచ్చిన వైద్యగ్రంథములు తీసితిమి. సుశ్రుతము ప్రమేహమును పుట్టుకతో వచ్చునదనియు, అపథ్యముచే వచ్చునదనియు రెండు విధములుగ జెప్పినది. చరకము సుఖముగ గూర్చుండుట, సుఖముగ నిదురించుట, పెఱుగు, క్రొత్తధాన్యము, బెల్లపు వంటకములు మున్నగువానిని కారణములుగ నెంచినది. చదివి మాకు కోపము వచ్చెను. కోడి కూయక ముందు లేచి, రాత్రి పదింటికి గాని నడుము వాల్చని మాకు సుఖాసనమా!

తరువాత కలిసినప్పుడు డాక్టరమ్మగారితో ఈ మాటయే యంటిమి. ఆమె నవ్వి, పొయ్యి యొద్ద నిలుచుండుట వేఱు, కండరములు కదలునట్లు చుఱుకుగ నడచుట వేఱని చెప్పిరి. మా వంటి దేహములలో ఇన్సులిన్ ఉండియు కణములు దాని పిలుపును సరిగా వినవట. నడచునప్పుడు కండరములు ఆ పిలుపునకై వేచియుండకయే చక్కెరను గ్రహించునట. సుశ్రుతుడును బీద రోగిని గొడుగు, చెప్పులు లేకయే నూఱు యోజనములు నడువుమనెను. నడక మాట సరియే గాని చెప్పుల మాట నేటి వైద్యమొప్పదు. ఈ వ్యాధి ముదిరిన కొందఱికి పాదములు మొద్దువాఱి, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. మా తండ్రిగారి కాలి బొటనవ్రేలు అట్లే పోయినది. ఆ కట్లు మార్చినది మేమే.

వారమునకు నూటయేబది నిమిషములు నడువవలెను. మా ఊర కాలువగట్టు చక్కనిదే. కాని పనిలేక తిరుగు ఆడుదానిని చూచు చూపులు మీరెఱుగనివి కావు. మొదటి వారము కూరగాయలకు పోవుదానివలె చేత ఖాళీ సంచి పట్టుకొని నడచితిమి! రెండవ వారము సంచి ఇంట విడిచితిమి.

గోదావరి సీమలో అన్నము మానుట యన మాటలా? మానలేదు. నాలుగు గరిటెలను ఒకటిన్నరకు తగ్గించితిమి. ముందు కూరయు పప్పును తిని, అన్నము చివరకుంచుకొన్నచో చక్కెర ఒక్కసారిగ నెగయదు. కొఱ్ఱలు ఎంత తిన్నను దోషము లేదనువారు కలరు; అవియును ధాన్యమే, కొలత తప్పదు. చక్కెరకు బదులు బెల్లమను వారికి మేమిక బదులు చెప్పుట మానుకొంటిమి.

ఇక మందు. మెట్‌ఫార్మిన్ మొదటి వారము కడుపును కలచివేసెను. భోజనముతో పుచ్చుకొనగా సర్దుకొనెను. ఇంతలో శ్రావణమున పేరంటమునకు వచ్చిన యొకావిడ, బిళ్లలు మొదలిడిన జీవితాంతము తప్పవని భయపెట్టి, ఒక చూర్ణమిచ్చినది. చదువుకొన్న మేము నలువది దినములు బిళ్ల మాని ఆ చూర్ణము మ్రింగితిమి. పరగడుపు లెక్క 190కి పోయెను. మా వారు ఏమియు ననలేదు. అదియే మాకు ఎక్కువ బాధ. డాక్టరమ్మగారు గ్లిమెపిరైడ్ అను రెండవ బిళ్లను చేర్చిరి. దానిని పుచ్చుకొని భోజనము మానరాదని మఱిమఱి చెప్పిరి.

కార్తిక సోమవారము. పదునాలుగేండ్లుగ విడువని ఉపవాసము. ఉదయము రెండు బిళ్లలును వేసికొని, నక్షత్రదర్శనము వఱకు పచ్చి గంగయైన ముట్టరాదని యుంటిమి. నాలుగు గంటలకు తులసికోట కడ ముగ్గు పెట్టుచుండగా చేతులు వణకెను, చెమటలు పట్టెను, ఎదుటి గోడ రెండుగ కనబడెను. మెట్‌ఫార్మిన్ ఒక్కటియే యిట్లు చేయుట అరుదు. ఆ రెండవ బిళ్ల వేసికొని తినకున్న చక్కెర పడిపోవును. మా పెద్దమ్మాయి మూడు చెంచాల చక్కెర నీట గలిపి త్రాగించెను. పావుగంటకు తేఱుకొంటిమి. ఉపవాసము భగ్నమైనదని అత్తగారేమందురోయని మేము బెదరుచుండగా, ఆమె మాటలాడక లోపలికి పోయి కుక్కరు పెట్టిరి.

మఱునాడు పండ్రెండున్నరకు పిల్లలకు డబ్బాలు పంపి వంటింటికి వచ్చునప్పటికి పీట వేసియున్నది. “నువ్వు కూర్చో అమ్మాయీ, నేను వడ్డిస్తాను” అనిరి. కూర్చుండుటకు మాకు సిగ్గయినది. కూర ముందు వడ్డించిరి. ఆ వరుస ఆమె ఎప్పుడు కనిపెట్టిరో తెలియదు.

2024 మాఘమున ఆ సగటు 6.8కి దిగినది. రెండవ బిళ్ల తీసివేసిరి. మెట్‌ఫార్మిన్ ఉన్నది, ఉండును. ఏటేట కన్నులకును, పాదములకును, మూత్రపిండములకును పరీక్ష చేయించుకొనుచున్నాము. కడబంతి మాత్రము మా యింట పోలేదు. ఇప్పుడందు అత్తగారు కూర్చుండుచున్నారు. వారికి అఱువదినాలుగేండ్లు. మీరును ఒకమాఱు రక్తపరీక్షకు రండని యడిగిన, వచ్చే సోమవారము చూతమనుచున్నారు. ఈ మాట చెప్పుట ఇది నాల్గవమాఱు.