ఇరవై లెక్కలూ, ఇరవైనాలుగు పుంజాలూ

పిల్లలూ! సాయంకాలం బడి గంట కొట్టగానే మీకందరికీ ఎంత సంతోషమో నాకు తెలుసు. ఆ సంతోషంలో కాస్త చేదు కలిపేది ఒకటున్నది. అదే ఇంటిపని. మీరు దాన్ని హోంవర్కు అంటారు. "ఇది లేకపోతే ఎంత బాగుండును!" అని మీరనుకుంటారు. "ఇది లేకపోతే వీళ్ళు పుస్తకం ముట్టరు," అని మీ నాన్నగారంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? తీర్పు చెప్పేముందు నా చిన్నతనంలో జరిగిన ఒక సంగతి చెబుతాను, వినండి. అది నాకు గొప్ప తెచ్చే సంగతి కాదు. అయినా చెప్పితీరాలి.

నేను ఆరో తరగతి చదివే రోజుల్లో మేము చీరాల దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. అది నేతపని ఊరు. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గాల చప్పుడే. మా లెక్కల మేష్టారు మంచివారే గాని, ఇంటిపని విషయంలో మహా గట్టివారు. రోజూ 20 లెక్కలిచ్చేవారు. మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకాలన్నీ ఆయన బల్లమీద ఉండాలి. చెయ్యనివాళ్ళు బెంచీ ఎక్కి నిలబడాలి.

మా నాన్నగారు ఉద్యోగస్తులు. మా ఇంట్లో కరెంటు దీపం ఉండేది. రాసుకోవడానికి బల్ల ఉండేది. ఎక్కడన్నా చిక్కుపడితే మా అక్కయ్య చెప్పేది. ఏడు గంటలకు కూర్చుంటే ఎనిమిదిన్నరకల్లా ఇరవై లెక్కలూ అయిపోయేవి.

నా పక్కన కూర్చునే కుర్రవాడి సంగతి వేరు. వాడి పేరు చెప్పను, వాడికిప్పుడు మనమలున్నారు. వాళ్ళ ఇంట్లో గుంటమగ్గం ఉండేది. వాళ్ళ నాన్న పొద్దుపోయేదాకా నేసేవాడు. వీడు బడినించి రాగానే సంచీ గోడకు తగిలించి, రాట్నం ముందు కూర్చుని, మర్నాటి పేకకు కావలసిన కండెలు చుట్టాలి. కండె లేనిదే నాడె ఆడదు. నాడె ఆడనిదే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చుట్టడం పూర్తి అయ్యేసరికి వాడికి కళ్ళు మూతలు పడిపోయేవి.

అందుచేత మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దున బడి గంటకు ముందు, బడి వెనక చింతచెట్టు కింద, నా పుస్తకం చూసి వాడు గబగబా ఎక్కించుకునేవాడు. వాడికి గొప్ప ఉపకారం చేస్తున్నానని నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి. ఇలా మూడు నెలలు గడిచాయి.

ఒకరాత్రి నేను నిద్రమత్తులో "ఏడెనిమిదులు యాభైనాలుగు" అని వేశాను. మర్నాడు మేష్టారు మా ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరికీ ఒకటే తప్పు. కొట్టివేత కూడా ఒకచోటే.

"ఎవర్రా చూసి రాసింది?" అన్నారు.

వాడు లేచి, "నేనేనండీ," అన్నాడు.

మేష్టారు నావైపు తిరిగి, "నీకు తెలిసే పుస్తకం ఇచ్చావా?" అని అడిగారు.

నాకు కాళ్ళు వణికాయి. "నాకు తెలీదండీ. వాడే తీసి ఉంటాడు," అన్నాను.

వాడు ఒక్కసారి నావైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ రోజంతా వాణ్ణి తరగతి బయట నిలబెట్టారు. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక బడికి పోనని వాళ్ళ నాన్నతో చెప్పేశాడని, మగ్గం దగ్గర ఒక చెయ్యి కలిసివస్తుందని ఆయన కూడా సరేనన్నాడని మూడోనాడు తెలిసింది.

నాకు అన్నం సయించలేదు. నాలుగోనాడు సాయంత్రం మేష్టారి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకు దెబ్బలు తప్పవనే అనుకున్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని, "పద, వాళ్ళింటికి పోదాం," అన్నారు.

మేము వెళ్ళేసరికి వాడు రాట్నం తిప్పుతున్నాడు. పక్కన గంపలో కండెలు. మేష్టారిని చూసి వాళ్ళ నాన్న గుంటలోంచి లేవబోయాడు.

"కూర్చోవయ్యా, పని ఆపకు," అన్నారు మేష్టారు. కాసేపు మగ్గంకేసి చూసి, "ఈ పడుగు ఎన్ని పుంజాలు?" అని అడిగారు.

"ఇరవైనాలుగండి. పుంజానికి నూట ఇరవై పోగులు," అన్నాడాయన.

"అయితే మొత్తం ఎన్ని పోగులురా?" అని మేష్టారు నన్నడిగారు.

నేను కాగితం కోసం వెతుక్కుంటున్నాను. వాడు రాట్నం ఆపకుండానే, "2,880 అండీ," అన్నాడు.

"ఎలా చెప్పావురా?"

"పాతిక పుంజాలైతే మూడువేలు గదండీ. అందులోంచి ఒక పుంజం తీసేశాను."

మేష్టారు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "వీడికి లెక్కలు రావనుకున్నాను. నేనిచ్చిన లెక్కలు చెయ్యడానికి వీడికి వేళ లేదు, అంతే. రేపటినించి బడికి పంపు. ఇంటిపని సంగతి నేను చూసుకుంటాను," అని వాళ్ళ నాన్నతో చెప్పారు.

అన్నమాట ప్రకారం మర్నాటినించి 20 లెక్కలు 5 అయినాయి. ఇంటివద్ద వీలులేనివాళ్ళు బడి వదిలేముందు అక్కడే చేసుకోవచ్చు. వారానికొకసారి మాత్రం ప్రతివాడూ తన ఇంట్లో జరిగే పనిలోంచి ఒక లెక్క తయారుచేసి తేవాలి. నేను నా స్నేహితుణ్ణి క్షమించమని అడిగితే, "ముందు ఏడో ఎక్కం నేర్చుకోరా," అన్నాడు. వాడు పదో తరగతి పాసై మగ్గమే పట్టాడు. తరవాత చాలా ఏళ్ళు ఆ వీధివాళ్ళ నూలు లెక్కలూ, బట్టల లెక్కలూ వాడే చూసిపెట్టాడు.

ఇప్పుడు మన తగాదాకు వద్దాం. ఇంటిపని అసలెందుకు?

మనం విన్నది మరిచిపోతాం గనుక. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు తనమీద తానే ప్రయోగాలు చేసుకుని, 1885లో ఒక పుస్తకం ప్రకటించాడు. ఆయన అర్థంలేని చిన్న చిన్న మాటలు కల్పించుకుని, వాటిని వరసగా వల్లెవేసేవాడు. కొంత వ్యవధి ఇచ్చి, వాటినే మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కకట్టేవాడు. ఆ లెక్కన ఒక్క గంటలోనే సగానికి పైగా జారిపోయింది. ఒక రోజు గడిచేసరికి మూడోవంతే మిగిలింది. ఇంకో చిత్రం చూడండి. పన్నెండు మాటల వరసను ఒకే రోజున 68 సార్లు వల్లిస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లిస్తే అంత ఫలితమూ వచ్చింది. పరీక్ష ముందు రాత్రి జాగారం చేసేకంటే రోజూ కాస్త కాస్త చదవడం ఎందుకు మేలో తెలిసిందా?

రెండో లాభం: ఇంటిపని ఒక అద్దం వంటిది. మీకు ఎక్కడ రాలేదో అది మీ మేష్టారికి చూపిస్తుంది. చూసి రాసినప్పుడు ఆ అద్దంలో మీ ముఖం కనిపించదు, మీ స్నేహితుడి ముఖం కనిపిస్తుంది. నేను మూడు నెలలపాటు చేసిన ఉపకారం అదే: వాడికి వేళ లేదన్న సంగతి మేష్టారికి తెలియకుండా దాచిపెట్టాను!

ఇక నష్టాలు. ఇంటిపని ఇచ్చేటప్పుడు బడి అందరికీ ఒకటే. చేసేటప్పుడు ఇళ్ళు ఒకటి కావు. ఒకరికి అక్కయ్య ఉంటుంది, ఒకరికి దీపమే ఉండదు. పని మితిమీరితే ఆటకూ, నిద్రకూ చేటు. ఆరేళ్ళనించి పన్నెండేళ్ళలోపు పిల్లలు రోజుకు 9 మొదలు 12 గంటలు నిద్రపోవాలని వైద్యులంటారు. పగలు చదివినది మనసులో నాటుకునేది ఆ నిద్రలోనే. ఇంటిపని కోసం నిద్ర మానుకోవడం, నూలు కోసం మగ్గాన్ని అమ్ముకోవడం వంటిది.

వయసును బట్టి కూడా లాభం మారుతుంది. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆచార్యుడూ, ఆయన సహచరులూ అంతకు ముందు జరిగిన పరిశోధనలనెన్నో పరిశీలించి, ఇంటిపనికీ చదువులో రాణింపుకూ గల సంబంధం ఏడో తరగతి మొదలు పైవారిలో ఎక్కువగానూ, చిన్నపిల్లల్లో చాలా తక్కువగానూ కనబడుతున్నదని 2006లో తెలిపారు. మన దేశంలో 2020లో వెలువడిన బడిసంచీ విధానంలో కూడా ఇదే వరస ఉన్నది: రెండో తరగతి వరకు ఇంటిపని వద్దు, 3 నించి 5 వరకు వారానికి 2 గంటలు, 6 నించి 8 వరకు రోజుకు 1 గంట, ఆ పైన రోజుకు 2 గంటలు మించరాదు.

పెద్దలకొక మాట. మీ పిల్లలకు బదులుగా మీరు రాసిపెట్టకండి. నా పుస్తకం నా స్నేహితుడికి చేసిన ఉపకారమే మీ చేతిరాత మీ పిల్లలకు చేస్తుంది. వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి, చాలు. పని మరీ ఎక్కువైతే పిల్లవాణ్ణి కేకలెయ్యకుండా, మీరే వెళ్ళి టీచరుగారితో చెప్పండి. మా మేష్టారు మా వీధికి వచ్చేదాకా ఆయనకూ తెలియలేదు గదా!

పిల్లలూ, మీకూ ఒక మాట. లెక్క రాకపోతే అక్కడ ఖాళీ వదలండి. "ఇది నాకు రాలేదండీ" అని ధైర్యంగా చెప్పండి. అది చెప్పలేకనే నేను ఒక అబద్ధమాడాను. దానివల్ల ఒక స్నేహితుడి చదువు ఆగిపోవలసింది.

చివరకు మీకు నేనూ ఒక ఇంటిపని ఇస్తున్నాను, కోప్పడకండి! మీ అమ్మగారో, నాన్నగారో చేసే పనిలోంచి ఒక లెక్క తయారుచేయండి. వడ్లబస్తాలు కావచ్చు, ఇడ్లీపిండి కావచ్చు, బస్సు టిక్కెట్లు కావచ్చు. జవాబు వాళ్ళనే అడిగి సరిచూసుకోండి. దీన్ని పక్కవాడి పుస్తకంలో చూసి రాయడానికి మాత్రం వీలుండదు. ఎవరి ఇంటి లెక్క వారిదే!