మిద్దె మీది ఎండ ఎవరిది?

గద్వాల అనగానే మీకు చీరే గుర్తొస్తుంది కదూ? నూలు చీర, పట్టు అంచు. చీర చూసి మురిసిపోయి వెళ్ళేవాళ్ళే గాని మా ఎండ చూసేదాకా ఎవరూ ఉండరు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న మా నేలను నడిగడ్డ అంటారు. గద్వాల నుంచి జూరాల వైపు వచ్చే దారిలో, ఊరికి కాస్త ఎడంగా చేన్లోనే కట్టుకున్న ఇల్లు మాది. చుట్టూ పత్తి, వేరుశనగ. జూరాల డ్యాం దగ్గర నీళ్ళతో కరెంటు తీస్తారు, ఒక్కొక్కటి 39 మెగావాట్ల యంత్రాలు 6 ఉన్నాయి. అయితే పైనుంచి వరద వస్తేనే వాటికి పని. మాకు కూలర్ లేనిదే ప్రాణం నిలవని ఏప్రిల్, మే నెలల్లో నదిలో రాళ్ళు తేలి కనిపిస్తాయి.

అందుకే 2025 ఫిబ్రవరిలో మావారు మిద్దె మీద సోలార్ పెట్టిద్దామన్నారు. తెలంగాణలో 200 యూనిట్ల దాకా ఉచితం వచ్చింది గదా, ఇదెందుకని మీరడగొచ్చు. నేనూ అడిగాను. 2024 మార్చిలో ఆ పథకం వచ్చాక చలికాలమంతా మాకు సున్నా బిల్లే. కానీ 200 దాటితే మొత్తం యూనిట్లకూ కట్టాల్సిందే. ఎండాకాలంలో కూలర్, ఫ్రిజ్, ఇంటి బోరు మోటారు అన్నీ కలిసి 280 కాలితే 1,600 పైన వచ్చింది. 2024లోనే మొదలైన సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 రూపాయలు సబ్సిడీ అన్నారు. సబ్సిడీ తర్వాత వస్తుంది, ముందు మనమే కట్టాలి. నా గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. సరే, ఆ కథ వదిలేయండి.

అసలు గొడవ మిద్దె మీద మొదలైంది. కొలతలు తీసుకోడానికి పిల్లలు ఇద్దరు వచ్చారు. ఒక్కో ప్లేటు ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర పైన వెడల్పు. అలాంటివి 6. ముందు రెండడుగుల ఎత్తు, వెనక నాలుగడుగులు, దక్షిణం ముఖంగా పెడతామని సుద్దతో గీతలు గీశారు. ఆ గీతల మధ్యలో మా అత్తమ్మ ఎండబోసిన మిరపకాయలున్నాయి. ఆమె వచ్చి వాటి పక్కన కూర్చుంది, లేవనంది.

"ఇవన్నీ పెడితే నా మిరపకాయలు యాడ ఎండబెట్టాల? మీ నెత్తి మీదనా?"

మావారికి కోపం వచ్చింది. నాకు మాత్రం అత్తమ్మ మాట సబబే అనిపించింది. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం, వడియాలు, చల్ల మిరపకాయలు, కందులు, చింతపండు అన్నీ ఆ మిద్దె మీద ఎండినవే. వేసవి రాత్రి మంచాలు వేసుకునేదీ అక్కడే. ఆ మిద్దె లెక్క మగవాళ్ళ కాగితంలో ఎక్కడా లేదు. "ఎత్తు పెంచితే కాదా?" అని ఆ పిల్లల్నే అడిగాను. "అవుతదక్కా, ఇనుము ఎక్కువ పడతది, గాలికి కాళ్ళు గట్టిగా కట్టాల" అన్నారు. అంతే కదా! ముందు ఏడడుగులు, వెనక ఎనిమిది అని తేల్చాం. ఖర్చు పెరిగింది, మావారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీ ఇంట్లో ఈ మాట వస్తే సుద్దగీత గీయకముందే మిద్దె ఎక్కండి. స్లాబుకు రంధ్రాలు కొట్టనివ్వకుండా పైన కాంక్రీటు దిమ్మెలు పోయించండి. వానకు కారితే బకెట్లు పెట్టేది మనమే.

పని నాలుగు రోజులు సాగింది. జమ్మిచేడు జములమ్మ జాతర రోజులు, ఇంటినిండా చుట్టాలు. వాళ్ళకు తోడు ఈ పనివాళ్ళు నలుగురు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల పొడి. రొట్టెలు కొట్టీ కొట్టీ చేతులు వాచాయి. ఎర్తింగు అని వాకిట్లో మూడు గుంతలు తవ్వారు. ఒకటి సరిగ్గా నా మల్లె పొద మొదట్లో. పిడుగు పడితే భూమిలోకి పోవడానికట, వద్దనలేం కదా.

రెండువైపులా లెక్క చూపే మీటరు పెట్టాక ఎండ బాగున్న రోజు 12, 13 యూనిట్లు వస్తున్నాయి. మనం వాడగా మిగిలింది లైనులోకి పోయి మన ఖాతాలో జమ అవుతుంది. మే నెల ఎండకు ఇంకా ఎక్కువ వస్తుందనుకున్నాను. ప్లేట్లు బాగా కాగితే తయారయ్యే కరెంటు తగ్గుతుందట. ఫిబ్రవరి, మార్చి ఎండే వాటికి హాయి.

ఒకటి మాత్రం ఎవరూ ముందు చెప్పలేదు. మొదటి గాలివానకు పట్టపగలే కరెంటు పోయింది. కాసేపటికి ఎండ వచ్చింది, లైను మాత్రం రాలేదు. సోలార్ ఉంది గదా అని ఫ్యాన్ వేస్తే తిరగదు! లైను చచ్చిపోతే ఇదీ ఆగిపోవాలట, లేకపోతే మన కరెంటు తీగల్లోకి పోయి స్తంభమెక్కిన మనిషికి కొడుతుంది. న్యాయమే. కానీ బ్యాటరీ లేకుండా పెట్టించుకుంటే కరెంటు కోతకు ఇది మందు కాదని ముందే తెలిస్తే, గొప్పగా పక్కింటివాళ్ళకు చెప్పుకునేదాన్ని కాదు.

వారానికోసారి పొద్దు పొడవకముందే కడుగుతాను. మా బోరు నీళ్ళు ఉప్పు, ఆరితే తెల్లమచ్చలు పడతాయి. అందుకని వెంటనే గుడ్డ పెట్టిన కర్రతో తుడవాలి. కాగిన ప్లేటు మీద చల్లనీళ్ళు పోయకండి.

ఇప్పుడు ప్లేట్ల కింద నీడలో కరివేపాకు, మెంతికూర, మునగాకు ఆరబెడుతున్నాం. నీడన ఆరితే రంగు పోదు. మధ్యాహ్నం అత్తమ్మ మంచమూ అక్కడే. మిరపకాయలకు దక్షిణం వైపు ఎండ మిగిలింది. ఇబ్బందల్లా గుమ్మడి వడియాలతోనే. ప్లేట్ల అంచున కూర్చునే పావురాలకు అవి ఎదురుగానే కనిపిస్తాయి. పాతచీర కప్పితే గాలికి లేచిపోతోంది. మీలో ఎవరైనా ఉపాయం కనిపెట్టి ఉంటే రాయండి, అత్తమ్మకు చదివి వినిపిస్తాను.