పేరుకే సిటీ

షికాగోకు దక్షిణంగా మూడువందల మైళ్ళు దాటితే, ఇలినాయిస్ బొగ్గుగనుల సీమలో జాన్‌స్టన్ సిటీ ఉంది. పేరుకే సిటీ! నేను వెళ్ళిననాడు రాత్రి ఎనిమిదింటికే వీధులు నిద్రపోయాయి. 1961లో జాన్స్కో సోదరులు ఇక్కడ పూల్ పోటీలు ప్రారంభించారు. లూథర్ లాసిటర్ వంటి జగజ్జెట్టీలు కర్రలు పట్టుకుని దిగేవారు. 'వన్ పాకెట్' ఆటలో బల్లకు ఆరు గుంటలున్నా మనిషికి ఒక్కటే గుంట; ముందుగా ఎనిమిది బంతులు అందులో వేసినవాడిదే గెలుపు. ఎదుటివాడి దారి మూయడమే సగం విద్య. బహుమతి ఆట పదిమందికోసం. అసలు ఆట అర్ధరాత్రి దాటాక, డాలర్ల పందెంమీద. పోయిన డబ్బు మళ్ళీ రావచ్చుగాని, ఊరూ పేరూ తెలియని కుర్రవాడి చేతిలో ఓడిన ఛాంపియన్‌కు పోయిన పరువు వస్తుందా? ధర్మరాజు కథ ఎరిగినవాణ్ణి, నాకిది వింతగా తోచలేదు. 1972లో ఫెడరల్ అధికారులు దాడిచేసి పలువురు ఆటగాళ్ళను పట్టుకున్నారు. అంతటితో ఆ ఊళ్ళో పోటీలు సరి.