నరసాపురంలో నూలు చేప

భీమవరం దాటి, పాలకొల్లు దాటి వచ్చిన రైలు నరసాపురంలో ఆగిపోతుంది. ఆపైన వశిష్ఠ గోదావరి. రేవులో పంటు ఎక్కితే ఆవలిగట్టు సఖినేటిపల్లి, అక్కణ్ణించి అంతర్వేది. స్వామి దర్శనం తొందరలో యాత్రికులు చాలామంది ఈ వూరిని చూడకుండానే దాటిపోతారు. మేము మాత్రం రెండు రోజులు అక్కడే మకాం పెట్టాం. కారణం మా మేనకోడలు. పన్నెండేళ్ళ ఆ పిల్లకు కొన్నాళ్ళుగా ఒకటే పట్టు: కొక్కెం సూదితో దూది బొమ్మలు అల్లడం నేర్చుకోవాలని. జపానులో వీటిని అమిగురుమి అంటారు. అల్లిక అనే మాటా, దూది కూరిన బొమ్మ అనే మాటా కలిసి పుట్టిన పేరట అది. కొక్కెం సూది పట్టడం నేర్వాలంటే తెలుగుదేశంలో నరసాపురాన్ని మించిన బడి ఏమున్నది!

ఈ వూరికి నూలుతో చుట్టరికం ఇవాళ్టిది కాదు. పక్కనున్న మాధవాయిపాలెంలో ఒకప్పుడు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళ బట్టల కొఠీ వుండేది. ఆ వూరి పేరే తెల్లవాళ్ళ నోట నలిగి ‘మడపొల్లాం’ అయి, ఒక రకం మెత్తని నూలుగుడ్డకు పేరై దేశాలు తిరిగింది. లేసు తరవాత వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీ దొరసానులు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పగా, అది చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. 2024లో నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

సీతారామపురం వైపు వెళ్ళే దారిలో ఒక పెంకుటింటి అరుగుమీద ముగ్గురు ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు. అందులో పెద్దామెకు డెబ్బైయేళ్ళు వుంటాయి. మా పిల్ల సంచీలోంచి తన సూదీ, లావుపాటి నూలుండా తీయగానే ఆమె నవ్వింది.

“ఇదేం సూదే అమ్మడూ! గడ్డపారలా వుంది.”

నవ్వక ఏం చేస్తుంది? ఆమె చేతిలోది సన్నటి ఉక్కుసూది. మా పిల్లది దానికి మూడింతలు లావు. అయినా కొక్కెం కొక్కెమే. పిల్ల చేతిలోని కాగితంమీది బొమ్మను చూసి, లెక్క విని, మామ్మగారు క్షణంలో సంగతి పట్టేసింది.

“లేసుకి అందం కన్నాల్లో వుంటుంది. నీ బొమ్మకి కన్నం కనబడకూడదు. కనబడితే దూది బయటికొస్తుంది. అంతే తేడా.”

నిజమే. లేసులో దారాన్ని సూదికి చుట్టి నిడుపు కుట్లు వేస్తారు. బొమ్మకు అన్నీ పొట్టి కుట్లే. సూది దూర్చి, దారం లాగి, సూదిమీద వున్న రెండు ముళ్ళలోంచి ఒక్కసారిగా మళ్ళీ లాగడం. ఈ ఒక్కటి చేతికి వచ్చిందంటే బొమ్మలో ముప్పాతిక భాగం వచ్చినట్టే. మొదట వేలికి దారం చుట్టి, ఆ చుట్టులో 6 కుట్లు వేసి, కొస లాగితే నడిమి కన్నం మూసుకుపోతుంది. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, 12. మూడోదానిలో ఒకటి విడిచి ఒకటి రెట్టించి, 18. నాలుగోది 24. అక్కడ పెంచడం ఆపి, అలాగే తిరుగుతూ పోతే బిళ్ళ గిన్నె అవుతుంది, గిన్నె సంచీ అవుతుంది. తరవాత రెండేసి కుట్లను ఒకటిగా కలుపుతూ 18, 12, 6. మూతి మరీ ఇరుకు కాకముందే దూది కూరాలి.

చెప్పడానికి ఇంత సులువు. మా పిల్ల మొదటి బిళ్ళ అప్పడంలా రావలసింది కాస్తా తమలపాకులా ముడుచుకుంది. వరసలు గొలుసుకట్టుగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి గనక ఎక్కడ మొదలో తెలియక లెక్క తప్పుతుంది. మామ్మగారు తన బుట్టలోంచి ఎర్రదారం ముక్క తీసి వరస మొదటి కుట్టుకు తగిలించింది. “దీని దగ్గరికొచ్చినప్పుడల్లా లెక్కెట్టుకో. నోటితో లెక్కెట్టు, మనసులో కాదు.” ఏ పుస్తకంలోని పాఠంకన్నా ఈ ముక్క బాగా పనిచేసింది.

ఏ బొమ్మ చెయ్యాలన్న చర్చలో కుందేలు ఓడిపోయింది. చెవులూ, కాళ్ళూ, చేతులూ అన్నీ విడివిడిగా అల్లి అతకాలి. కొత్తవాళ్ళకు చేప మేలు. ఒళ్ళు ఒకటే సంచీ, తోక ఒకటే అతుకు. గోదావరి ఒడ్డున చేప అంటే పులస తప్ప మరొకటి ఎవరికి తోస్తుంది? వెండిరంగు నూలు కోసం బజారుకు పరుగు. కడుపులోకి బూరుగు దూది మామ్మగారే ఇచ్చింది. కళ్ళకు పూసలు కుడదామంటే ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో పసివాళ్ళుంటే పీకి నోట్లో పెట్టుకుంటారట. నల్లదారంతోనే రెండు కళ్ళు కుట్టించింది.

ఈ కబుర్లన్నిటి నడుమా ఆమె చేతులు ఒక్క నిమిషం ఆగలేదు. ఇచ్చిన దారం సాయంత్రానికి అల్లి అప్పగించాలి. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు ఈ పల్లెల్లో తిరిగి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ళమీద ఒక పుస్తకం అచ్చువేసింది. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్ళను, తీరిక వేళల్లో పొద్దుపోక అల్లుకునే గృహిణులుగా లోకం జమకట్టిందని ఆమె వాదం. లేసు దేశాలు దాటింది. కూలి అరుగు దాటలేదు. బజారులో బల్లగుడ్డ చూసి “చేతిపనే కదా, ఇంత ధరా?” అని గీచి గీచి బేరమాడే మన ఇళ్ళవాళ్ళు ఆ అరుగుమీద ఒక పూట కూర్చుంటే బాగుండును.

రెండోనాటి సాయంత్రానికి చేప సిద్ధమైంది, తోక తప్ప. లేసులోనూ పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపి గుడ్డగా చేసే అతుకుపని మరొకరిది. ఆ అరుగుమీద అతుకుపని రెండో ఆమెది. ఆమె పిల్ల చేతిలోంచి చేపను తీసుకుని, కుట్టు కనబడకుండా తోక అతికి, రెండువేళ్ళతో లాగి చూసి, తిరిగి ఇచ్చింది.

“ఎంతండీ?” అని మొహమాటంగా అడిగాను.

“ఇరవై ఇవ్వండి,” అన్నది ఆమె, ఏ మొహమాటమూ లేకుండా. “చిన్నపిల్లదని వూరికే చేస్తే, ఈ పని వూరికే అవుతుందనుకుంటది.”

మా పిల్ల తన పర్సులోంచే తీసి ఇచ్చింది.