అడుగని పాఠకుడు

చీరాలకు చేరువనున్న వేటపాలెము నేతపనికిని, జీడిపప్పునకును పేరుగన్న ఊరు. దానికి అంతకంటె గొప్ప పేరు ఒక గ్రంథాలయము వలన కలిగినది. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బారాయ శ్రేష్ఠి స్థాపించిన సారస్వత నికేతనమే ఆ గ్రంథాలయము. 1929లో మహాత్మాగాంధి దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికఱ్ఱ నేటికిని అచట భద్రముగా నున్నది. అచటి పాత పత్రికల కొఱకు పరిశోధకులు దూరప్రాంతముల నుండి వచ్చుచుందురు.

గ్రంథాలయమునకు వచ్చినవాడు తనకు కావలసినదానిని మొదటనే సరిగా అడుగలేడు. "ఏ సంవత్సరము? ఏ పత్రిక?" అని గ్రంథాలయాధికారి ఎదురు ప్రశ్న వేయును. రెండు మాటలలో పొరపాటు తీరిపోవును. కావున గ్రంథముల పట్టికలో లేని విషయము ఎంతయో ఆ అధికారి మనస్సున నుండును.

నేడు క్రొత్త పాఠకుడొకడు బయలుదేరినాడు. వానిని కృత్రిమ మేధ ఏజెంటు అందురు. మనుష్యుడు ప్రశ్న వేయగా, ఆ యంత్రము తానే ఒక వెదకు సాధనమును ఎన్నుకొని, దానికి ప్రశ్న పంపి, వచ్చినదానిని చదివి ఉత్తరము చెప్పును. అది బీరువాలను చూచియుండలేదు, అధికారిని ఎఱుగదు. సాధనమునకు జతపఱచిన వివరణ పత్రమే దానికి దారి చూపును. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అను సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను పద్ధతిలో ప్రతి సాధనమునకును పేరు, వివరణము, పంపవలసిన అంశముల పట్టిక ఉండును. యంత్రము వానిని చదివియే పనికి పూనుకొనును.

ఆ పత్రము లోపించినచో ఏమగునో చూడుడు. 1921లో చీరాల పేరాల ప్రజలు పురపాలక సంఘమును, దాని పన్నులను నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పాకల పల్లెలో నెలల తరబడి నివసించిరి. ఆ వార్తలు వెదకుమని ఒక విద్యార్థిని యంత్రమును కోరినదనుకొనుడు. పత్రమున "పాత పత్రికలలో వెదకును, జిల్లా, సంవత్సరము తెలుపవలెను" అని మాత్రమే కలదు. యంత్రము "ప్రకాశము జిల్లా, 1921" అని పంపును. కాని ఆనాడు చీరాల గుంటూరు జిల్లాలోనిది. ప్రకాశము జిల్లా ఏర్పడినది 1970లో. ఆ పేరు పెట్టినది 1972లో. 2022లో చీరాలయు, వేటపాలెమును బాపట్ల జిల్లాలో చేరినవి. సాధనము శూన్యము చూపును. "అట్టి వార్తలు లేవు" అని యంత్రము ధీమాగా చెప్పును. ఇల్లు వాకిలి విడిచిన వేలాది జనుల త్యాగము ఒక్క మాటతో లేనిదైపోవును. అది నిజమేయని నమ్మి ఆ బాలిక పుస్తకము మూసివేయును.

సంవత్సరముతోను చిక్కు కలదు. తెలుగు సంవత్సరముల పేర్లు అరువదేండ్ల కొకసారి మరల వచ్చును. దుర్మతి 1921లోను వచ్చినది, 1981లోను వచ్చినది. ముఖపత్రముపై "దుర్మతి" అని మాత్రమే యున్నచో, అది ఏ దుర్మతియో యంత్రమునకు ఎవరు చెప్పవలెను?

వివరణము వ్రాయువాడే చెప్పవలెను. జిల్లా పేరు సంచిక వెలువడిన నాటిదని చెప్పవలెను. సంవత్సరమును 1921 వలె నాలుగంకెలలో నిమ్మని చెప్పవలెను. వేటపాలెం, వేటపాలెము అని ఊరి పేరు రెండు విధముల నుండుననియు, రెంటితోను వెదకవలెననియు తెలుపవలెను. ఏ సంచికలు లేవో దాచక వ్రాయవలెను. ప్రతి ఫలితముతోను పత్రిక పేరు, తేది, పుట సంఖ్య వచ్చునట్లు చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, "ఏమియు దొరకకున్నచో వార్త లేదని అర్థము కాదు, ఈ మాటతో దొరకలేదని మాత్రమే చెప్పుము, మఱియొక మాటతో వెదకుము" అని వ్రాయవలెను.

ఇట్టి పత్రమును పరీక్షించుటకు సులభోపాయము కలదు. ఆ గ్రంథాలయమును ఎన్నడు చూడని మనుష్యుని చేతికి దానినిచ్చి, నోరు విప్పక ప్రక్కన కూర్చుండవలెను. అతడు ఎచట తడబడునో అచట ఒక వాక్యము తక్కువయైనదన్నమాట.

గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములు చెప్పిన రంగనాథన్, పాఠకుని కాలమును కాపాడుమని 1931లోనే బోధించెను. నేటి పాఠకుడు యంత్రమైనను, దాని వెనుక ఉత్తరమునకై ఎదురుచూచువాడు మనుష్యుడే. తెలిసినవాడు తనకు తెలిసినదంతయు ఎదుటివానికిని తెలియుననుకొనుట సహజమైన పొరపాటు. ఆ పొరపాటును విడిచి, ఎదురు ప్రశ్న వేయనివానికొఱకు ఓపికతో నాలుగు వాక్యములు వ్రాసినవాడు, నూఱేండ్ల పత్రికలను చెదపురుగుల బారినుండి కాపాడినవారి శ్రమను సార్థకము చేయును.