గార

జూన్ 10, 2024, గిద్దలూరు

రేపు మేనకోడల్ని మార్కాపురం పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వచ్చే నెల పెళ్ళిచూపులు. "గార తీయిస్తే తెల్లగా అవుతాయా అత్తా?" అని ఇప్పటికి మూడుసార్లు అడిగింది. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పోతుంది దానికి. వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లలు చాలామంది అలాగే నవ్వుతారు.

జూన్ 11

చూసింది, మిషనుతో గార తీసింది, పాలిష్ పట్టింది, అన్నీ డాక్టరమ్మే. బయట ఇంకా పదిమంది కూర్చునున్నారు. కింది పళ్ళ వెనక పెచ్చు కట్టినదంతా పోయింది. ముందు పళ్ళ మీది గోధుమరంగు చారలు మాత్రం అలాగే ఉన్నాయి. "అది పైన పట్టింది కాదమ్మా, పన్ను తయారయ్యేటప్పుడే ఫ్లోరైడుతో లోపల పడింది. గీకితే పోదు. పైన పూత వేయొచ్చు, ఇంకోసారి మాట్లాడదాం" అంది. కంభం దాటేదాకా పిల్ల కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

రెండిటినీ మనం గారే అంటాం. ఒకటి పాచి గట్టిపడింది, తీస్తే వస్తుంది. రెండోది ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళది. ఈ ముక్క పిల్లకు ముందే ఎవరైనా చెప్పుంటే ఇంత ఆశపడేది కాదు.

జూన్ 13

చెప్పే మనిషి చట్టంలో ఉంది! 1948 దంతవైద్యుల చట్టంలో డెంటిస్టుతో పాటు డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ కూడా ఉన్నారు. గార తీయడం, పళ్ళు మెరుగు పెట్టడం, పళ్ళు కాపాడుకునే తీరు నేర్పడం హైజీనిస్టు పని. జబ్బేదో తేల్చడం, పన్ను పీకడం, రూట్ కెనాల్ డాక్టరువి. అమెరికాలో ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన సహాయకురాలికి ఈ పని నేర్పాడు. తర్వాత అలా నేర్చుకున్నవాళ్ళు బడులకే వెళ్ళారు. ఇన్నేళ్ళలో మా వైపు నాకు ఒక్కరూ కనపడలేదు. మా దగ్గరి పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, ఆ జిల్లా ఫ్లోరైడు జబ్బు గురించి వైద్యులు రాశారు. అలాంటి నేల మీద, నేర్పే మనిషి రావాల్సింది అంగన్‌వాడీకి.

రాత్రి వదినకు ఫోన్ చేశాను. మనవడికి రెండేళ్ళు.

"వాడికి ఏ నీళ్ళు పోస్తున్నారు వదినా?"

"బోరువే. కాచి చల్లార్చే పోస్తున్నాంలే."

"కాస్తే ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. రేపటి నుంచి వాడికి ప్లాంటు నీళ్ళ క్యాను తెప్పించు."

కాసేపు మాట్లాడలేదు. "వంటకు కూడానా?" అంది.

వంటకు కూడా అన్నాను.