వద్దన్న పరుగు

ఉమ అంటే మనకి పార్వతి. జపాన్ భాషలో ఉమ అంటే గుర్రమట, ముసుమే అంటే ఆడపిల్ల. మా మేనకోడలు ఫోన్లో ఆడే ఆట పేరు ‘ఉమా ముసుమే’ అని విన్నప్పుడు నాకు ముందుగా కాళిదాసు గుర్తొచ్చాడు. కుమారసంభవంలో, తపస్సుకి పోతానన్న కూతుర్ని తల్లి ‘ఉ, మా’ అని, అంటే ‘అమ్మాయీ, వద్దు’ అని ఆపబోయిందనీ, ఆ మాటే ఆ పిల్లకి పేరైందనీ అంటాడాయన. కఠినమైన సాధనకి సిద్ధపడిన ఆడపిల్లకి మన సాహిత్యం పెట్టిన పేరులోనే ‘వద్దు’ ఉంది!

మాది జమ్మలమడుగు నుంచి గండికోటకి పోయే దారిలో ఒక పల్లె. నేను బడిలో పాఠాలు చెప్తాను. మేనకోడలు డిగ్రీ అయ్యాక నా దగ్గరే ఉండి ఒక ఉద్యోగానికి తయారవుతోంది. అందులో రాతపరీక్షతో పాటు పరుగు కూడా ఉంది. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. పెన్నా లోయ మీద సూర్యోదయం చూడ్డానికి వచ్చే కార్లు ఐదింటికే మొదలవుతాయి కాబట్టి తను నాలుగున్నరకే రోడ్డెక్కుతుంది. చీకట్లో ఒంటరిగా ఉరికే ఆడపిల్ల కనిపిస్తే కొన్ని కార్లు ఊరికే హారన్ కొట్టి పోతాయి. రాత్రి చదువు అయ్యాక ఒక గంట ఈ ఆట. ఏముంది దీంట్లో అని పక్కన కూర్చున్నదాన్ని, వర్షాకాలమంతా కూర్చున్నాను.

ఆట జపాన్లో 2021 ఫిబ్రవరిలో వచ్చింది. ఇంగ్లీషులో 2025 జూన్లో వచ్చింది. అక్కడి నిజమైన పందెపు గుర్రాల పేర్లు, చరిత్రలు పెట్టుకున్న ఆడపిల్లలు ఇందులో పరుగెత్తుతారు. వాళ్ళకి గుర్రం చెవులు, తోక ఉంటాయి. ఆడేవాళ్ళు శిక్షకులు. మూడేళ్ళ శిక్షణ, ఏడాదికి ఇరవై నాలుగు వంతులు. ఒక్కో వంతులో ఏం చేయించాలో మనం నిర్ణయించాలి. వేగం, దమ్ము, బలం, పట్టుదల, తెలివి అని ఐదు అంశాలు పెంచుకుంటూ పోవాలి.

మా పిల్ల ఎంచుకున్న పాత్ర హరు ఉరారా. గులాబి రంగు జుట్టు, ఎప్పుడూ నవ్వు ముఖం. ఆ పేరుగల అసలు గుర్రం 1996లో పుట్టిన ఆడ గుర్రం. జపాన్లో కొచి అనే ఊరి పందెపు మైదానంలో 1998 నుంచి 2004 దాకా 113 సార్లు పరుగెత్తి ఒక్కసారి కూడా గెలవలేదు. మైదానం మూతపడేటట్లుందన్న రోజుల్లో, 2003లో, ఈ ఓటముల సంగతి పత్రికలకెక్కింది. అది మాంద్యంతో జనం నలిగి ఉన్న కాలం. ఓడినా మళ్ళీ పరుగెత్తే గుర్రాన్ని చూసి దేశం మురిసిపోయింది. ఆ గుర్రం మీద కట్టిన టిక్కెట్లని దాచుకున్నారు. పందెం ‘తగలదు’ కాబట్టి బండి కూడా తగలదని, రోడ్డు ప్రమాదాలకి రక్షరేకులాగా! 2004 మార్చి 22న దేశంలోనే పేరుమోసిన జాకీ యుతకా తకే దాన్ని ఎక్కితే పదకొండు గుర్రాల్లో పదోదిగా వచ్చింది. 2025 సెప్టెంబరులో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో చనిపోయింది.

ఈ కథ విన్నప్పుడు నాకు కొంచెం చిరాకే వేసింది. ఓడిపోయినా నవ్వుతూ ఉండే ఆడది అందరికీ ఎందుకంత ఇష్టం? గుర్రానికి నవ్వూ ఏడుపూ తెలియవు, ఆ నవ్వు మనుషులు పెట్టిందే. గెలిచి అడిగేదానికంటే ఓడి సర్దుకునేదాన్ని ప్రేమించడం తేలిక. ఆమెకి ఏమీ ఇవ్వక్కర్లేదు, జాలి చాలు.

మా పిల్ల ఆ జాలి దగ్గర ఆగలేదు. ఆటలో ఉరారాకి మూడో ఏడాది డిసెంబరు చివర అరిమా కినెన్ అనే పందెం ఉంటుంది. 1956లో మొదలైన అసలు పందెం కూడా ఏడాది చివరే జరుగుతుంది. నకయామాలో పచ్చిక మీద 2500 మీటర్లు. అసలు ఉరారా దాని దరిదాపులకి కూడా పోలేదు. ఆటలోని ఉరారాకి మట్టి నేల మీద, పొట్టి దూరాలకి ‘ఏ’ గుర్తు. పచ్చిక మీద ‘జీ’, పెద్ద దూరానికి కూడా ‘జీ’. జీ అంటే అన్నిటికన్నా అడుగు. ఆ పందెంలో పాల్గొంటే చాలు, గెలవమని ఆట అడగదు. ఓడితే, ఎప్పుడూ నవ్వే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

“అది ఏడ్చింది సూడత్తా. అంటే గెలవాలని దానికీ ఉందన్నట్టే కదా!” అంది మా పిల్ల. ఇంక అక్కడినుంచి పట్టుకుంది.

ఒక పాత్రని అలాంటి పందేనికి తయారుచేయడమంటే ఏమిటో అప్పుడు చూశాను. ముందు ఆ ‘జీ’ని మార్చాలి. ఉరారా ఎంత సాధన చేసినా అది మారదు. ఆమెకి ముందు పరుగెత్తి ముగించిన ఇద్దరిని ‘పెద్దలు’గా పెట్టాలి. వాళ్ళిద్దరి వెనక ఇంకో నలుగురు. ఆ ఆరుగురిలో ఒక్కొక్కరి నుంచి మహా అయితే మూడు గులాబి చుక్కలు వారసత్వంగా వస్తాయి. ఒక చుక్కకి ఒక మెట్టు, నాలుగైతే రెండు, ఏడైతే మూడు, పదైతే నాలుగు మెట్లు. జీ నుంచి సీ దాకా. కానీ ఉరారాకి లోపాలు రెండు. రెంటికీ పదేసి కావాలంటే ఇరవై. ఆరుగురూ మూడేసి ఇచ్చినా పద్దెనిమిదే! మిగిలింది రెండో, మూడో ఏడాది ఏప్రిల్‌లో వారసత్వం ఇంకోసారి అందేటప్పుడు అదృష్టముంటే వస్తుంది.

ఆ చుక్కల కోసమే మా పిల్ల వారాల తరబడి వేరే పాత్రలని పెంచింది. ఒక్కొక్కదానికి మూడేళ్ళ శిక్షణ. చివర్లో ఒక్క చుక్కే వస్తే మళ్ళీ మొదటికి. పెద్దల్లో ఒకరిని వేరే ఆటగాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. ఎక్కడో ఎవరో పెంచిన పిల్ల ఈ ఉరారాకి దూరపు దమ్ము ఇస్తుంది.

చూస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అయిదో తరగతి ఆపేసి నాపరాళ్ళ గనిలో కూలికి పోయిన మనిషి. ఆమె పట్టుబట్టబట్టే నేను టీచర్నయ్యాను. నేను ఒక ఇల్లు పెట్టుకోబట్టే ఈ పిల్ల ఇక్కడ ఉండి చదువుతోంది. ‘ఆడపిల్లకి ఇది చేతకాదు’ అని పుట్టుకతో రాసిపెట్టే అక్షరాన్ని ఏ ఆడపిల్లా ఒంటరిగా చెరపలేదు. ముందు పరుగెత్తినవాళ్ళు ఎంతోకొంత చెరిపి ఇవ్వాలి. అయితే ఆటలో ఆ పెద్దల పేర్లు తెర మీద కనిపిస్తాయి. మా అమ్మ పేరు రేషన్ కార్డు దాటి ఎక్కడా లేదు.

తర్వాత సాధన. తెర పైన ఒక గీత ఉంటుంది, ఆ పిల్ల ఓపిక. సాధన చేయించేకొద్దీ తగ్గిపోతుంది. తగ్గినప్పుడు ఇంకా చేయించబోతే దెబ్బతినే అవకాశం నూటికి ఇంత అని లెక్క చూపిస్తుంది. విశ్రాంతి ఇస్తే ఒక వంతు పోతుంది, ఇవ్వకపోతే మనిషే పోతుంది. మనసు బాగుందా లేదా అని ఇంకో గుర్తు. నిద్ర చాలకపోతే అదీ చెప్తుంది. పక్కన స్నేహితురాళ్ళు చేరిన రోజు సాధన ఎక్కువ ఫలిస్తుంది. మధ్యలో మట్టి మీద పొట్టి పందేలు తప్పనిసరి. వాటిలో తప్పితే అరిమా దాకా పోనే పోదు. పొట్టి పరుగుకి వేగం, పెద్ద పరుగుకి దమ్ము. దేనికెంత పెట్టాలన్నదే తర్జనభర్జన అంతా.

మా వదిన కూతుర్ని చూడ్డానికొచ్చి, ఇది చూసి, “గుడ్డిగుర్రానికి పండ్లు తోమినట్టుంది. పెండ్లి చేసుకోని పొయ్యేదానివి, నీకెందుకుమే ఈ ఉరుకుడు?” అంది. వాళ్ళింట్లో బండలాగుడు పోటీలకి పెంచే ఎద్దుల జత ఉంది. తిరనాళ్ళు నెల ఉందనగానే ఉలవలు నానేసి, ఉడకేసి, ఒళ్ళు మర్దన చేసి, ఏ పూట ఎంత తిన్నాయో మా అన్న దగ్గరుండి చూస్తాడు. తయారు చేయడమంటే ఏమిటో ఆ ఇంటికి తెలియక కాదు. పరుగెత్తి వచ్చిన పిల్ల మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాకిలి చిమ్మి, కల్లాపి చల్లి, అందరూ తిన్నాక మిగిలిన సంగటి తినేది. నెలసరి రోజుల్లో కూడా ఉరికేది. ఆమె ఓపికకి గీత ఎక్కడుంది? నూటికి ఇంత దెబ్బ తగులుతుందని ఎవరికి కనిపిస్తుంది?

ఈ ఆటని మెచ్చుకుని వదిలేయలేను. మగ గుర్రాలని కూడా పొట్టి లంగాల ఆడపిల్లలుగా మార్చారు. గెలిచిన పిల్ల పరుగు అయ్యీ అవగానే వేదికెక్కి పాడి ఆడాలి. పాత్రల కోసం, చీటీల కోసం డబ్బు పెట్టించే లాటరీ ఉంది. అన్నిటికన్నా, నిర్ణయాలన్నీ శిక్షకుడివి. ‘ఈ రోజు నేను ఉరకను’ అని ఉరారా అనలేదు. ఇదంతా అడిగితే మా పిల్ల కాదనలేదు. “నిజమే అత్తా. కానీ నాకు ఇందులో నచ్చింది ఒకటే. దాని పందెం తారీఖు మారదు” అంది. తన పరుగు తేదీ ఎన్నిసార్లు వాయిదా పడిందో నాకు తెలుసు. ఏ రోజుకని దమ్ము దాచుకోవాలో తెలియకుండా దాచుకోవడం ఆ ఆటలో లేని కష్టం.

పదకొండోసారికి ఉరారా అరిమా కినెన్ గెలిచింది. చివరి మలుపు దాకా వెనకే ఉండి, అక్కణ్నుంచి అందరినీ దాటుకుంటూ వచ్చింది. మా పిల్ల అరవలేదు, గంతులేయలేదు. గెలిచిన ఉరారా వెనకున్న ఆరుగురి పేర్లూ ఒకసారి కిందిదాకా చూసి ఫోన్ పక్కన పెట్టింది.

ఆ తర్వాత మా ఇంట్లో మారింది చిన్న విషయమే. వంటింటి గోడకున్న క్యాలెండర్లో ఇద్దరం రోజూ మా ఓపికని పెన్సిల్‌తో గీత గీస్తున్నాం, తనది ఒకటి, నాది ఒకటి. గీత పొట్టిగా ఉన్నవాళ్ళకి ఆ పూట పని లేదు. వదిన మొన్న వచ్చినప్పుడు ఆ గీతలేమిటని అడిగింది. చెప్తే నవ్వింది. పోయేముందు పెన్సిల్ తీసుకుని, ఆ రోజు గడిలో, మా రెండింటి కిందా ఒక చిన్న గీత గీసింది. చాలా చిన్నది.